ఎండబెట్టకూడని మన్ను

ఆ ప్రయోగశాలకి ఏ మన్ను వచ్చినా ముందు ఎండాల్సిందే. రేకు పళ్ళాల్లో పరిచి, బాగా ఎండబెట్టి, జల్లెడ పట్టాకే కృత్రిమ వాన కింద పెడతారు. ఎందుకని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అక్కడ పనిచేసే చెల్లెలూ అడగలేదు. చల్లారిన అగ్నిపర్వతం వాలు మీదున్న సొంత అక్క పొలం మన్నునీ అలాగే ఎండబెట్టి, వాన కురిపించి, సగం కొట్టుకుపోయిందని నివేదిక మీద సంతకం పెట్టింది. ఆ వాలు మీద ఇక సాగు కుదరదని పైఅధికారి తేల్చేసి, కింద తనూ సంతకం పెట్టాడు.

అక్క ఫోనులో ఒక్కటే అంది. "చేతులారా నా కొంప ముంచావే."

 మర్నాడు చెల్లెలు ప్రయోగశాలకి వెళ్ళి, కొట్టుకుపోయిన మన్ను పట్టిన బకెట్టు ముందు కూలబడింది. చినుకుల దెబ్బకి మట్టిగడ్డలు చితికిపోయి ఉంటే నీళ్ళు బురదగా ఉండాలి కదా. ఇక్కడ చిన్న చిన్న గడ్డలు చెక్కుచెదరకుండా, పేలాల్లా పైన తేలుతున్నాయి. ఆ బూడిద మన్ను కొండ మీద ఎన్నడూ పూర్తిగా ఎండి ఎరగదు. ఒకసారి ఎండిందా, మళ్ళీ నీళ్ళు పట్టదు, తేలికై కొట్టుకుపోతుంది. ఎండబెట్టి దాన్ని పాడుచేసింది తామే. ఆమెకి తన మీద తనకే ఒళ్ళు మండింది.

"నా పరీక్ష తప్పు సార్. మళ్ళీ చేస్తాను."

"అక్క పొలమనా?" అన్నాడు పైఅధికారి.

"అవును సార్. అందుకే మీరు ఎదురుగా కూర్చుని చూడండి."

అక్క మన్నుని తడి గోనెలో చుట్టి తెచ్చింది. చెల్లెలి మొహం మాత్రం చూడలేదు. వాన మొదలైంది. పడ్డ నీళ్ళు పడ్డట్టే లోపలికి ఇంకిపోయాయి. కాసేపటికి అధికారి "చాల్లే, ఆపండి" అన్నాడు.

అక్క లేచింది. "ఆపొద్దండి. మా కొండ మీద వాన ఇంత మర్యాదగా పడదు. పెంచమనండి."

చెల్లెలు కుళాయి పూర్తిగా తిప్పేసింది. ధారలు విరుచుకుపడ్డాయి. మట్టిగడ్డలు కాస్త సర్దుకున్నాయే గాని పగల్లేదు. కిందికి జారిన కాసిని నీళ్ళని ఆమె గాజుగ్లాసులో పట్టి అధికారి చేతికిచ్చింది. ఆ నీళ్ళ అవతల అతని వేళ్ళు స్పష్టంగా కనిపించాయి.

"అయితే నా సంతకం నేనే కొట్టేయాలన్నమాట."

"ముందు నాది కొట్టేస్తాను సార్" అంది చెల్లెలు, గర్వంగానే.

అక్క మట్టిచేతులతోనే ఆమె మొహం పట్టుకుంది. "రేపు విత్తనాలు వేస్తున్నా. సెలవు పెట్టి రా."