పసుపు వేలు

తుకారాం అద్దం పలకను తువ్వాలతో తుడిచి, నలిగిన కాగితం మీద పెట్టాడు. ముడతలు అణిగాయి. ఫొటో తీసి కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఇక నీడలు, మడతలు, టీ మరకలు చెరిపేసి తెల్లటి కాగితం మీద నల్లటి అక్షరాలు మాత్రం మిగల్చాలి. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడి రోడ్డున పడ్డాక, సురేందర్ జిరాక్స్ షాపులో దొరికిన కొలువిది. మరక కనిపిస్తే ఆయన చెయ్యి ఊరుకోదు.

కాగితం ఎడపల్లి ఈరవ్వది. బీడీలు చుట్టి కొనుక్కున్న ఇంటి జాగ ఒప్పందం. బయటికి తీసినప్పుడల్లా మూలలకు పసుపు పెట్టడం ఆమె అలవాటు. ఆ పసుపంతా తెరమీద మసిలా దిగింది.

"తహసీల్ ఆఫీసుల కాగితమియ్యనీకి ఇయ్యాల్నే ఆఖరు దినం అన్నా. జాగ నాదే అంటుండు మా మరిది. జర మంచిగ తియ్యి," అంది, అద్దాన్ని బొటనవేలితో అదిమిపట్టి.

"ఫికర్ చెయ్యకు చెల్లె."

నకలు తీసుకుని ఆమె ఆఫీసుకు వెళ్లింది. ఫైల్లో పైకి పోయేది ఆ నకలే. అసలు కాగితం ముఖం ఎవరూ చూడరు.

సద్ది విప్పబోతూ, తెరమీద పక్కపక్కనున్న ఫొటోనూ నకలునూ చూసి తుకారాం తెరకేసి వంగాడు. కింది మూలలో పసుపుతోపాటు ఈరవ్వ వేలిముద్ర కూడా చెరిపేశాడు! బీడీ ఆకుకు అరిగి గీతల్లేని ముద్ర, మరకే అనుకున్నాడు. చనిపోయిన తన భార్య రేణుకమ్మ వేళ్లూ అచ్చం అలాగే ఉండేవి. ఆ చేతివంట ఇన్నేళ్లు తిన్నవాడికి ఆ మాత్రం తెలియకపోయిందే! సిగ్గుతో కుంచించుకుపోయాడు.

ముద్ర ఉంచి మళ్లీ నకలు తీశాడు.

"ఎండల నువ్వెందుకే అన్నా? బండి మీద నేనిచ్చస్త, నువ్వు తిను," అన్నాడు సురేందర్.

"తప్పు నాది. నేనే పోత."

ఈరవ్వ ఇంకా లైన్లోనే ఉంది. రొప్పుతూ కాగితం మార్చాడు. "నీ ముద్ర గిండ్ల ఉన్నది, సూసుకో."

గుమాస్తా తీసుకుని ఆఫీసు ముద్ర కొట్టేదాకా అక్కడే నిలబడ్డాడు. తర్వాత గోడకు ఆనుకుని కూర్చుని మంచినీళ్లడిగాడు. ఈరవ్వ సీసా తెచ్చేసరికి తల పక్కకు వాలిపోయి ఉంది. పిలిచినా పలకలేదు.

మర్నాడు సురేందర్ షాపు తెరిచి, విప్పని సద్దిగిన్నె తీసి పక్కన పెట్టాడు. కుర్చీ మీది తువ్వాల అందుకున్నాడు గానీ చెయ్యాడలేదు. అద్దం పలక మీద, ఓ మూల, గీతల్లేని పసుపు వేలిముద్ర అలాగే ఉంది.