రెండు చివరలు

చర్చి నూరేళ్ల పండగ పుస్తకం మొత్తం, లొరెయిన్ నెలంతా కూర్చుని కూర్చిన పేజీలూ ఫొటోలూ, బల్లమీది డిస్కు పెట్టెలోనే ఉన్నాయి. ఈ మధ్యాహ్నానికి ప్రెస్సుకి చేరకపోతే ఆదివారం పండక్కి పుస్తకం లేనట్టే. ఇంత పనికి ఒక్క నకలైనా లేదే అని భయపడి, పొద్దున్నే కంప్యూటర్ పొట్ట విప్పి లోపల ఇంకో డిస్కు బిగించింది. అంతే! తెరమీంచి బల్లమీది పెట్టె పేరు మాయం. దాని దీపం వెలుగుతూనే ఉంది, లోపల చక్రం గిర్రున తిరుగుతూనే ఉంది, కంప్యూటర్ మాత్రం అలాంటిదేదీ లేదు పొమ్మంటోంది.

దుకాణం యజమాని గ్యారీ డిస్కుల్ని కంప్యూటర్‌కి కలిపే స్కజీ కేబుళ్లు మార్చాడు, డిస్కుల నంబర్లు మార్చాడు, చివరికి పెట్టె మీద డోనట్ పెట్టాడు.

"స్కజీ దేవుడికి నైవేద్యం!"

"నవ్వించకు గ్యారీ, ఏడుపొచ్చేలా ఉంది."

అప్పుడొచ్చాడు వెర్న్ కూబియాక్. మిల్వాకీలో సగం ప్రింటు దుకాణాల యంత్రాలు అతని చేతిమీదే బతుకుతున్నాయి. ఆ సంగతి అతనే అందరికీ చెబుతుంటాడు.

"ఏంటమ్మా ఆ మొహం? నేనొచ్చేశాగా!"

"గొప్పలు తర్వాత. ఇంకో టెర్మినేటర్ తగిలించి చూద్దామా?"

లొరెయిన్ చేతిలో ఉన్నది వేలెడంత బిరడా. తీగ చివరికెళ్లిన సంకేతం గోడకి కొట్టిన బంతిలా వెనక్కి రాకుండా, అక్కడే మింగేస్తుంది.

"మింగేవాళ్లు ఎక్కువైతే మిగిలేదేముంది? ముందు నీ తీగకి చివరలు చూపించు."

"ఈ పెట్టె ఒకటి. కంప్యూటర్లో ఈ తీగ తగిలే కార్డు రెండోది. ఎప్పుడూ అంతేగా?"

"ఎప్పటిదో కాదు తల్లీ, ఇవాళ్టిది చెప్పు. వేలు పెట్టి తడుముకుంటూ రా."

ఆమె వేలు పెట్టె దగ్గర బయల్దేరి, కేబుల్ వెంట కార్డుదాకా వచ్చింది. ఆగబోయింది. కార్డుకి రెండోవైపున పట్టీలాంటి తీగ! అది పొద్దున్న తను బిగించిన డిస్కు దగ్గరికి పోతోంది.

"ఓరి దేవుడా! కార్డు మధ్యలో ఉంది!"

"ఆఁ! కొత్త డిస్కు తన టెర్మినేటర్ తనే తెచ్చుకుంది. కార్డు మాత్రం ఇంకా తనే చివరనుకుని, దారినపోయేవన్నీ మింగేస్తోంది. శుక్రవారం చేపల విందులో మా బావమరిదిలాగ."

కరెంటు ఆపి, కార్డు మీద టెర్మినేటర్ పని చేసే, దువ్వెన పళ్లలాంటి చిన్న ముక్కలు లొరెయినే పీకింది. వెర్న్ స్క్రూడ్రైవర్ కూడా ముట్టుకోలేదు. వీడు ప్రశ్నలతోనే రిపేరు చేసేస్తాడా అని ఆమెకి అబ్బురమేసింది.

"పారేయకు! రేపు లోపలి డిస్కు తీసేస్తే కార్డే మళ్లీ చివర."

ముక్కల్ని చిన్న కవర్లో వేసి కంప్యూటర్ మూత లోపల అతికించింది. వెర్న్ చెయ్యి పడ్డ ప్రతి యంత్రంలోనూ అలాంటి కవరొకటి ఉంటుంది.

మీట నొక్కింది. తెరమీద ఒక డిస్కు పేరు. దాని కింద రెండోది. తెరిస్తే మొదటి పేజీలో చర్చి గోపురం, పై నుంచి కిందకి గీత గీతగా దిగొచ్చింది.

"నైవేద్యం పనిచేసింది," అన్నాడు గ్యారీ.

"అయితే ప్రసాదం ఇటు తే," అని వెర్న్ డోనట్ లాక్కున్నాడు.

లొరెయిన్ ఆ గోలేదీ వినడంలేదు. ప్రెస్సుకి పంపేముందు, పొద్దున్న అనుకున్న నకలు తీస్తోంది.