దగ్గరి బంతి

బియ్యం కడిగిన నీళ్ళు పారబోయకుండా వనజ అందులో గోల్ఫ్ బంతులు వేసి రుద్దుతోంది. ఆదివారం పొద్దున, తార్నాకలో వాళ్ళ అద్దె ఇంటి వంటగది. ఒక పొయ్యి మీద కుక్కర్, ఇంకో పొయ్యి మీద పప్పు, చేతిలో పాత టూత్ బ్రష్. అత్తగారు సాలమ్మ గడప దగ్గర ఉల్లిపాయలు ఒలుస్తూ గిన్నెలోకి ఓరగా చూస్తోంది. కిందటి నెల ఆవిడే ఆ బంతుల్ని గుడ్లనుకుని, ఉప్పు వేసి మరీ ఉడకబెట్టింది. ఎంతకీ పెంకు ఊడదేమిటని గోడకేసి కొట్టి చూసింది కూడా. ఆ రోజు అత్తాకోడళ్ళిద్దరూ కడుపుబ్బ నవ్వారు. వనజ భర్త భానుప్రకాశ్ మాత్రం నవ్వలేదు. "గివి ఇంట్ల ఎందుకు?" అన్నాడు, అంతే.

ఇవాళ వనజకు నవ్వుకునే తీరిక కూడా లేదు. సికింద్రాబాద్ అవతల ఉన్న సైనిక అకాడమీ మైదానంలో బ్రిగేడియర్ మల్లికార్జునతో ఆడాలి. అకాడమీ గోల్ఫ్ జట్టుకు కొత్త కోచ్ ఎవరో ఆ ఆట అయ్యాక ఆయన చెబుతాడు. కొత్త అనేది మాట వరసకే. మూడేళ్ళుగా ఆ పని చేస్తున్నది వనజే.

అసలు ఆమె యూనివర్సిటీలో వ్యాయామ విద్య చెప్పే మేడం, ఒకప్పుడు హాకీ ఆడిన మనిషి. క్యాడెట్లకు కసరత్తులు చేయించడానికి ఎవరినైనా పంపమని అకాడమీ అడిగితే, మగవాళ్ళెవరికీ తీరిక దొరక్క ఈమెను పంపారు. వెళ్ళిన కొత్తలోనే అక్కడ గోల్ఫ్ నేర్పే మేజర్‌కు బదిలీ అయింది. ఖాళీగా పడున్న కర్రలు చూసి వనజ ఒకటి చేతిలోకి తీసుకుంది. ఇక వదల్లేదు. చీకటితోనే లేచి వంట ముగించి, క్యాంపస్‌లో ఆడపిల్లల హాస్టల్ వెనక బండల మధ్య ఒక్కతే ఆడేది. నడకకు వచ్చిన పెద్దమనుషులు ఆగి, "ఏం పోయింది మేడం, గింతసేపటి సంది దేవులాడుతున్నరు?" అని జాలిపడేవాళ్ళు. చూస్తుండగానే అకాడమీలో ఆమెను ఓడించగలవాడు లేకుండా పోయాడు. క్యాడెట్లందరూ ఆమె దగ్గరే నేర్చుకున్నారు. కానీ జట్టు ఫొటో తీసిన ప్రతిసారీ కోచ్ కుర్చీలో ఎవరో ఒక అధికారి కూర్చునేవాడు. వనజ వరస చివర నిలబడేది. కింద ఆమె పేరు పక్కన 'సహాయం' అని వేసేవాళ్ళు.

ఇంట్లో ఆ పాటి మాట కూడా లేదు. వంట, ఉతుకు, అత్తగారి మందులు, కూతురు సాహితి హోంవర్కు, ఇవన్నీ వాటంతటవే అయిపోతాయని భానుప్రకాశ్ గట్టి నమ్మకం. అతను యూనివర్సిటీలో ఫిజిక్స్ రీడర్. బలం తగలనిదే ఏ వస్తువూ కదలదని క్లాసులో బోర్డు మీద రాసి మరీ చెబుతాడు, ఇంటికొచ్చి అన్నం కంచం తనంతట తానే ముందుకు వచ్చిందనుకుంటాడు. ఆమె ఆట మొదలుపెట్టినప్పుడు "నీకు టైంపాస్ అయితదిలే" అన్నాడు. తరవాత "ఎండల తిరిగి నల్లగైనవ్" అన్నాడు. స్నేహితులు ఇంటికొస్తే "మా ఆమె మిలిటరీల గోలీలాడుతది" అని నవ్వించాడు. అందరితో పాటు వనజా నవ్వింది, ఎందుకు నవ్వానా అని వారం పాటు తనను తాను తిట్టుకుంది. వీటన్నిటినీ దులిపేసుకుంది గానీ, ఒకనాడు అతను మెత్తగా, మంచి చెబుతున్నట్టుగా అన్న మాట మాత్రం లోపలే ఉండిపోయింది. "మొగోళ్ళ మీద గెలిచిననుకుంటున్నవా వనజా? వాళ్ళు నిన్ను గెలువనిచ్చిన్రు, అంతే." నిజమేనా? పోనీలే ఆడమనిషి అని చూసీచూడనట్టు ఊరుకున్నారా? గెలిచిన ప్రతిసారీ సంతోషం వెనకే ఆ అనుమానం తోసుకొచ్చేది.

"ఆదివారం గూడ పోవుడేనా" అన్నాడు ఇవాళ, పేపర్లోంచి తల ఎత్తకుండా. వంట అయిపోయిందని చెప్పి ఆమె బస్సెక్కింది.

మైదానంలో క్యాడెట్లూ అధికారులూ గుంపుగా నిలబడి ఉన్నారు. పోటీలో ఆడినట్టే ఆడదామని బ్రిగేడియరే ముందుగా అన్నాడు. తక్కువ దెబ్బల్లో బంతిని గుంటలో వేసినవాళ్ళది గెలుపు. ఎవరి దెబ్బలు వాళ్ళు రాసుకోకూడదు, ఎదుటివాళ్ళు రాయాలి. వనజ మొదటి దెబ్బ కొట్టింది. బంతి చెట్ల మీదుగా లేచి, ఎక్కడ పడాలనుకుందో అక్కడే పడింది. ఒళ్ళంతా ఝల్లుమంది ఆమెకు. తార్నాక, కుక్కర్, పేపర్ వెనక మొహం, అన్నీ ఎక్కడో దూరంగా ఉండిపోయాయి. ఇంత ఆనందం తన ఒక్కదానిదే అయినందుకు కాస్త సిగ్గు కూడా వేసింది. బ్రిగేడియర్ కర్నూలు వైపు మనిషి, మాటకారి. దెబ్బదెబ్బకూ మెచ్చుకుంటూ నడిచాడు. చివరి గుంట దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి లెక్కా సమానంగా ఉంది.

ఆ అకాడమీలో ఒక అలవాటుంది. పెద్ద అధికారి బంతి గుంటకు దగ్గరగా వస్తే చాలు, పక్కనున్నవాళ్ళు "అయిపోయినట్టే సర్" అంటారు. ఆయన బంతిని చేత్తో తీసేసుకుంటాడు. సరదా ఆటలో అది మర్యాదే. పోటీలో మాత్రం ఎంత దగ్గరి బంతైనా కొట్టి గుంటలో వేయాల్సిందే, తీసుకుని వెళ్ళిపోతే ఆట నుంచే తప్పిస్తారు. కిందటేడు భరత్ అనే క్యాడెట్ ఈ అలవాటుతోనే బంతి తీసేసుకున్నాడు. జట్టంతా ఓడి ఇంటికొచ్చింది. వద్దని వనజ ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది, వాళ్ళు రోజూ చూసేది పెద్దవాళ్ళనే కదా.

వనజ బంతి గుంటకు మూరెడు దూరంలో ఆగింది. "అయిపోయినట్టేలేమ్మా, తీసేసుకో" అన్నాడు బ్రిగేడియర్.

"వద్దు సర్, కొడతా" అంది వనజ. కొట్టింది. బంతి గుంటలో పడింది.

బ్రిగేడియర్ బంతి జానెడు దూరంలో ఉంది. ఆయన నవ్వుతూ వంగి దాన్ని చేత్తో తీసుకున్నాడు. అధికారులు చప్పట్లు కొట్టారు. ఊరుకుంటే ఆట సమం, అందరికీ మర్యాద, కోచ్ పదవీ చేతికి రావచ్చు. నోరు తెరిస్తే ఇంతటితో సరి.

"సర్, మీ బంతి గుంటలో పడలేదు. ఉన్నచోట పెట్టి కొట్టాలి. తీసినందుకు ఒక దెబ్బ ఎక్కువ రాస్తున్నా."

చప్పట్లు ఆగిపోయాయి. ఆయన మొహంలో నవ్వు తగ్గింది. "పిల్లోళ్ళ ముందర చెప్పల్లనా ఇది?"

"వాళ్ళ ముందరే చెప్పాలి సర్. వాళ్ళు మిమ్మల్ని చూసే నేర్చుకున్నరు."

ఆయన బంతిని తిరిగి పెట్టి, వంగి, జాగ్రత్తగా కొట్టాడు. అది గుంట అంచు చుట్టూ తిరిగి బయటే ఆగింది. ఇంకో దెబ్బతో దాన్ని లోపల వేసి, అందరికంటే ముందు ఆయనే పెద్దగా నవ్వాడు. క్యాడెట్లు ఊపిరి పీల్చుకున్నారు. గెలిచాను, ఎవరూ ఇవ్వకుండా గెలిచాను అనుకుంది వనజ. ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"నువ్వే మాకు సరైన కోచ్‌వి" అన్నాడు బ్రిగేడియర్ చెయ్యి కలుపుతూ. "ఏం లాభం, నీకొద్దంట కదమ్మా. పోయిన వారం మీ ఆయన ఫోన్ చేసె. ఇంటి పని ఉంటాది, పదవీ గిదవీ వద్దు, ఇప్పట్లాగే వచ్చి నేర్పిస్తాది అనె. ఇంకొకరిని అనుకున్నాం. ఊరికే మర్యాదకని నిన్ను ఆటకు పిలిపిస్తి."

తను బంతులు కడుగుతున్నప్పుడు, పప్పు తాలింపు పెడుతున్నప్పుడు, భానుప్రకాశ్‌కు ఇది తెలుసు. వనజ కలిపిన చెయ్యి వదల్లేదు. "ఆయన చెప్పింది ఆయన మాట సర్. నన్నడగండి. నాకు కావాలి."

బ్రిగేడియర్ అక్కడే అందరి ముందూ అడిగాడు. వనజ అక్కడే ఒప్పుకుంది.

ఇంటికొచ్చేసరికి తిన్న కంచాలు టేబుల్ మీదే ఎండుతున్నాయి. భానుప్రకాశ్ కునుకు తీసి లేచినట్టున్నాడు. బస్సులో ఉన్నంతసేపూ ఎంత కోపం కూడగట్టుకుందో, గుమ్మంలోకి వచ్చేసరికి అంత సంతోషం దాన్ని పక్కకు నెట్టేసింది.

"కోచ్ నేనే. రేపటి సంది పొద్దున్నే పోత" అంది. "మీరు ఫోన్ చేసిన్రట గద. చెప్పిన్రు."

అతని మొహం ఎర్రబడింది. "నీ మంచికే చెప్పిన" అన్నాడు. తరవాత, ఎప్పుడూ గెలిచే మాట గుర్తొచ్చినవాడిలా నిటారుగా కూర్చున్నాడు. "మరి ఇల్లెవరు చూస్తరు?"

పెళ్ళయినప్పటి నుంచీ ఆ ప్రశ్న ఎవరడిగినా జవాబు వెతకడం తన పనేననుకుంటూ వచ్చింది వనజ.

"మీరే చెప్పున్రి" అంది. కంచాలు తీయకుండా, కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.