మిగిలిపోయిన 'రా'

మూడు నెలలుగా ఓబుళమ్మ నోట్లో ఒక 'రా' ఉంది. మొదట చింతగింజంత ఉండేది, ఇప్పుడు గోలీకాయంత అయింది. అన్నం దాని పక్కనుంచే మింగుతోంది.

తప్పు తనదేనని ఆమే ఒప్పుకుంటుంది. ఎంత కోపంలో ఉన్నా గడప దాటే మనిషిని 'పోయిరా' అనే సాగనంపాలి. మొగుడు కదిరప్ప గద్దలబండ కొండమీద అడవికి నిప్పంటుకోకుండా చూసే కాపలాదారు. ఆ పొద్దున క్యారియరు పట్టుకుని గేటు దగ్గర నిలబడి బతిమాలాడు.

"ఒక్కసారి నాతో పైకి రామ్మే. టవరు మింద నుంచి మన ఇల్లు అగ్గిపెట్టె మాదిరి కనపడ్తాది."

పెళ్ళైన పంతొమ్మిదేళ్ళుగా అదే పాట.

"నాకు పనుండాది. నువ్వు పో," అంది ఓబుళమ్మ. మిగతా సగం నోట్లోనే ఉండిపోయింది. కదిరప్ప ఆరో మలుపులో జారిపడి, నిజంగానే పోయాడు.

డాక్టరమ్మ టార్చి వేసి చూస్తుంది. "ఇది కోసి తీసేది కాదమ్మా. చెప్పాల్సిన చోట చెప్తే అదే రాలిపోతాది."

అందుకే ఓబుళమ్మ, ఆయన ఇన్నాళ్ళూ రమ్మన్న కొండెక్కుతోంది. ఇన్నేళ్ళూ వంకగా చెప్పిన మోకాళ్ళు ఇవాళ కిక్కురుమనడం లేదు. సిగ్గుపడుతున్నట్టున్నాయి.

మూడో మలుపు నాలుగోదాన్ని రానివ్వకుండా సాగుతూనే ఉంది. ఆమె దానిమీద బరువుగా కూర్చుంటుంది. దారి ఆగిపోతుంది. లేచి మళ్ళీ నడుస్తుంది.

ఆరో మలుపులో ఒక వదులుబండ పక్కకి ఒత్తిగిల్లి దారిస్తుంది.

"నేనే," అంటుంది బండ.

"తెలుసు," అంటుంది ఓబుళమ్మ. అక్కడ కూలబడి, కళ్ళలో నీళ్ళు అయిపోయేదాకా ఏడుస్తుంది.

టవరు ఎక్కి చూస్తే ఇల్లు అగ్గిపెట్టెలాగే ఉంది. ఆయన చెప్పింది నిజమే. కింద గేటు దగ్గర, ఆయన పోయిన ఆ పొద్దు ఇంకా అయిపోలేదు. తడి చేతులతో ఆనాటి ఓబుళమ్మ మొహం తిప్పుకుని నిలబడింది. ఎదురుగా కదిరప్ప, మాటలో మిగతా సగం కోసం చెవి ఒగ్గి, ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని ఉన్నాడు.

"రా!" అని టవరు మీంచి ఓబుళమ్మ గుండెలవిసేలా అరుస్తుంది.

గోలీకాయ రాలిపోతుంది. నోరు తేలికవుతుంది. కింద కదిరప్ప తలెత్తి ఇంటి వైపు కాదు, కొండ వైపు చూస్తాడు. పైనుంచి పిలిస్తే పైకే కదా రావాలి. మొహం పెళ్ళికొడుకులా వెలిగిపోతుంది. పరుగు మొదలుపెడతాడు. మధ్యలో ఆరో మలుపుంది.

వద్దని అరవబోతుంది. నోట్లో 'పో' ఒక్కటే మిగిలి ఉంది.

"పో! పో!"

ఆయనకి ఆ మాట అలవాటే. నవ్వుకుంటూ వస్తూనే ఉన్నాడు. ఆ మాట పట్టించుకున్నది కొండే. పడుకున్న గేదెలా లేచి, మలుపుల్నీ బండల్నీ టవరునీ ఓబుళమ్మనీ మోసుకుని నడక మొదలుపెడుతుంది.

"నిలబడమ్మే, వస్తాండా!" కదిరప్ప క్యారియరు ఊపుతూ వెనకాల పరిగెత్తుతున్నాడు. అందులో అన్నం ఇంకా వేడిగానే ఉంది.

కొండ ఆగితే ఆయన ఆరో మలుపుకి చేరతాడు. ఓబుళమ్మ ఏడుస్తూ, ఆయన్నే కళ్ళారా చూసుకుంటూ, 'పో' అంటూనే ఉంది.