కొండ జెట్టు

ఒత్తులు నాకింకా లొంగలేదు. తప్పులుంటే మన్నించి చదవండి. ఈ కాస్త రాయడానికే పదకొండు రోజులు పట్టింది.

ఇంజన్లు బాగుచేసే దాలయ్య జెట్టును వెలుతురుకేసి ఎత్తి, ఎడమ కన్ను మూసి చూస్తున్నాడు. గోరంత ఇత్తడి ముక్క, మధ్యలో సూదిమొన పట్టేంత బెజ్జం. ఇంజనుకు పెట్రోలు అందేది దాంట్లోంచే. సాలూరు దాటి ఘాటీ ఎక్కితే గాలి పలచబడుతుంది. పెట్రోలు ఎక్కువై ఇంజను నల్లపొగ కక్కుతుంది. అందుకని కొండకు వెళ్లే ప్రతి నీళ్ల ఇంజను కార్బురేటర్‌లో సన్న బెజ్జం జెట్టు బిగించి, తీసిన పెద్ద జెట్టును రాగితీగతో హ్యాండిలుకు కట్టి మూడు మెలికలు తిప్పేవాడు.

"కిందకి దింపితే ఇది మార్సాల. నేదంటే పెట్రోలు సాలక, ఏడెక్కి పిస్టన్ పట్టేస్తాది."

ఒక్కసారే చెప్పేవాడు. మళ్లీ అడిగితే మొహం తిప్పుకునేవాడు. అందుకే అతనంటే ఎవరికీ గిట్టదు.

కొండమీద అల్లం తోట కౌలుకు చేసే మురళీమోహన్, ఆటోలోంచి ఇంజను దింపించి దాలయ్య షాపు ముందు పడేశాడు. దాన్ని కిందకి తెచ్చి, గజపతినగరంలో మామగారి మడికి రెండు రోజులు నీళ్లు తోడించాడట.

"ఒరే దాలయ్యా! ఏటి సేసినావురా దీన్ని? బిగుసుకుపోనాది!"

పెద్ద జెట్టు హ్యాండిలుకే వేలాడుతోంది. మూడు మెలికలూ కదల్లేదు.

"మార్సినావా?"

"మార్సాలని ఎవుడు సెప్పేడు?"

"నానే."

"అబద్ధం! తప్పు నీదని ఒప్పుకో. నేదంటే కొండమీంచి ఒక్క ఇంజను నీ గుమ్మం తొక్కదు."

పక్క లారీ షెడ్డు ఎర్రన్న పకపకా నవ్వాడు. "ఇంజను మోత ఇని, సెవితోనే బాగుసేస్తాడు కదా! ముసిలోడి సెవిలో మసి పట్టీసినట్టున్నాది. కాసింత కిరసనాయిలు పొయ్యండి!"

గుమిగూడినవాళ్లంతా నవ్వారు.

దాలయ్య ఒప్పుకోలేదు. ఇంజనును లోపలికి లాక్కున్నాడు. భార్య బుల్లమ్మ తెచ్చిన అంబలి ముట్టలేదు. గీతలు పడ్డ సిలిండరు లోపలంతా నున్నగా రుద్ది, కొత్త పిస్టన్ వేశాడు. మళ్లీ సన్న జెట్టే బిగించి, పెద్దదాన్ని కట్టాడు. మూడు మెలికలు. పొద్దువాలుతుండగా తాడు లాగితే ఇంజను గొంతెండినట్టు పొడిగా దగ్గింది. సన్న జెట్టుతో కింద అలాగే దగ్గాలి.

"కొండకి పెట్టీసేను" అని బుల్లమ్మతో అని, ఇంజను ఆపి గోడకు జారగిలబడ్డాడు. ఆమె అంబలి ఆవుకు పోసి వచ్చేసరికి ఊపిరి లేదు.

దాలయ్య పోయిన పన్నెండో రోజు మురళీమోహన్ వచ్చాడు. ఎర్రన్న వాళ్లూ చుట్టూ చేరారు.

"మావ పొలానికి ఎట్టుకెల్తన్నాను. లోపలున్నది ఏ జెట్టే? కొండదా, కిందదా?"

బుల్లమ్మకు తెలుసు.

"జెట్టు మార్సాలని ఆ దినం మా ఇంటాయన నీకు సెప్పేడా నేదా బావూ? సెప్పేడని ఈ నలుగురిలో అను. అప్పుడు సెప్తాను."

ఎర్రన్న నవ్వలేదు. మురళీమోహన్ అనలేదు. హ్యాండిలుకు వేలాడుతున్న జెట్టును చూసి, మొహం ఎర్రబడి, తీగతో సహా పీకి విసిరేశాడు. లోపల కొండ జెట్టుతోనే, ఇంజను ఎక్కించుకున్న ఆటో గజపతినగరం వైపు తిరిగింది.

గడప ముందు దుమ్ములో పెద్ద జెట్టు పడి ఉంది. తీగ తెగింది గాని మూడు మెలికలూ ఊడలేదు.

పతివాడ బుల్లమ్మ, అరవై మూడేళ్లు. ఇప్పుడు రామతీర్థంలో, చెల్లెలి ఇంట ఉంటున్నాను.