తాళి పోసేనాటి పాట

పెళ్ళి ఇంకా అయిదు రోజులుందనగా పెళ్ళికూతురు ఓరిట్ జెరూసలేం బస్సు దిగి, సొంత ఇంటికి కూడా పోకుండా తిన్నగా నాయనమ్మ ఇంటికి వచ్చింది. చంకలో యూదుల ధర్మచర్చల గ్రంథం తాల్ముదు, లావుపాటి సంపుటం ఒకటి ఉంది.

"నాయనమ్మా, దొరికింది!" అంది గుమ్మంలోంచే.

సిప్పోరా అప్పాల పిండిలో కొబ్బరిపాలు పోస్తోంది. తలెత్తలేదు. "ఏం దొరికిందే? పోయిన చెవిపోగా?"

"కాదు. నువ్వు పాడటానికి దారి."

సిప్పోరా చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది.

ఆమెకి డెబ్బై నాలుగేళ్ళు. పుట్టింది కేరళలో, చేందమంగలంలో. అక్కడి యూదుల ఇళ్ళలో పెళ్ళి ముందురోజు వాకిట్లో కంసాలి కుంపటి పెట్టి తాళి బంగారం కరిగిస్తాడు. అది కరిగి మూసలోకి దిగేదాకా ఆడవాళ్ళు పాడాలి. ఆ మలయాళం పాటలన్నీ ఆడవాళ్ళవే. వాళ్ళు చేత్తో రాసుకున్న పుస్తకాలు తల్లి నుంచి కూతురికి వచ్చేవి. పెళ్ళిళ్ళలోనే కాదు, ధర్మగ్రంథమైన తోరా రాసిన తోలు చుట్టలు ఎత్తుకుని మగవాళ్ళు తిరిగే పండుగనాడు ప్రార్థనలు జరిగే సమాజమందిరంలో కూడా పాడేవాళ్ళు. మగవాళ్ళు పక్కనే కూర్చుని వినేవాళ్ళు, తాళం వేసేవాళ్ళు, బాగుంటే మళ్ళీ పాడమనేవాళ్ళు. పాటల్లో మొదటి గొంతు సిప్పోరా తల్లిది. తల్లి తర్వాత సిప్పోరాది.

ఊరు ఊరంతా ఓడెక్కి ఈ దేశం వచ్చాక, ఈ కొండ కింద రేకుల ఇళ్ళలో దిగాక, అదే పండుగ వచ్చింది. అది పందొమ్మిది వందల యాభై అయిదు. సిప్పోరా పుస్తకం తెరిచి మొదటి చరణం ఎత్తుకుంది. ఆ ఊరికి కొత్తగా వేసిన మతగురువు, రబ్బీ, వీళ్ళ కేరళ మనిషి కాదు. ఆడగొంతు మగవాళ్ళ చెవిన పడకూడదన్నది ఆయన నేర్చుకున్న ధర్మం. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. లేచి బయటికి వెళ్ళిపోయాడు. కొత్త దేశం, కొత్త పెద్దమనిషి. ఆయన వెనకాల ఒకడు లేచాడు, ఇంకొకడు లేచాడు. మూడో చరణానికి వచ్చేసరికి సిప్పోరా మొగుడు నెహెమ్యా కూడా చెప్పులు వెతుక్కుంటూ కనిపించాడు. ఖాళీ బల్లల ముందు నాలుగో చరణం ఎవరూ పాడలేదు.

ఆనాడు పెట్టెలో పెట్టిన పుస్తకాన్ని సిప్పోరా మళ్ళీ తీయలేదు. పిల్లల పెళ్ళిళ్ళకి కూడా తీయలేదు. శుక్రవారం సాయంత్రం వెలిగించే సబ్బాతు దీపాలు, రొట్టెపిండిలో దేవుడి పేర తీసే ముద్ద, పండుగలు, ఉపవాసాలు, ఏ ఒక్కటీ ఆమె తప్పింది లేదు. అలాగని ఆ రోజుని మరిచిందీ లేదు.

ఓరిట్ పుస్తకం బల్లమీద పెట్టి పేజీ తిప్పింది. జెరూసలేంలో ఆడపిల్లలు తాల్ముదు చదివే చోట మూడేళ్ళుగా చదువుతోంది. సిప్పోరా కాలంలో ఆడపిల్లకి ప్రార్థనలు నేర్పేవాళ్ళు, ఈ వాదాల పుస్తకం మాత్రం మగవాళ్ళదే. మనవరాలి వేలు ఆ పంక్తుల మీద నడుస్తుంటే ఆ ముసలిదానికి గర్వంగానే ఉంది.

"చూడు. రెండు గొంతులు ఒకేసారి వస్తే ఏదీ విడిగా వినిపించదని ఇక్కడొక మాట ఉంది. దాన్ని పట్టుకుని, దేవుడి పాటలు నలుగురూ కలిసి పాడితే ఆడవాళ్ళ గొంతు ఫలానావాళ్ళదని తెలీదు కాబట్టి తప్పులేదని కొందరు పెద్దలు చెప్పారు. అందరూ ఒప్పుకోరనుకో. మనకి ఇది చాలు. నువ్వు, నీ నేస్తం రూమా నాయనమ్మ, ఇంకో ఇద్దరు కలిసి పాడితే..."

"నా గొంతు ఎవరిదో తెలీదంటావు."

"అవును!"

"అంటే వినిపించదు కాబట్టి పాడొచ్చు."

ఓరిట్ పంక్తి మీది వేలు తీసేసింది.

"మా అమ్మ పాడుతుంటే కాలవలో పోయే పడవవాడు తెడ్డు పైకెత్తి ఆగేవాడే, తల్లీ. వినిపించాలనే కదా పాడేది! వినిపించని పాటకి ఇంత చదువెందుకు? ముప్పై తొమ్మిదేళ్ళుగా వినిపించకుండానే ఉన్నాగా?"

"పదకొండు రోజులు వెతికాను నాయనమ్మా." పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

సిప్పోరా పిండి చెయ్యి కొంగుకి తుడుచుకుని దాని తల నిమిరింది. "నువ్వు వెతికావు, అదే నాకు పండుగ. ఆ దారి మంచిదే, నాకు ఇరుకు. అంతే."

సాయంత్రం ఓరిట్ తండ్రి గమ్లియేల్ వచ్చాడు. ఏ విషయమైనా గుమ్మం దగ్గర నిలబడి చెప్పడం అతని అలవాటు.

"అమ్మా, సోమవారం తాళి పోసేటప్పుడు పెళ్ళికొడుకు మేనమామ కూడా వస్తున్నాడు. ఆయన పెద్ద రబ్బీ. నువ్వు పాట గీట అని మొదలుపెట్టకు."

"పాటంటే తెలుసు. గీట ఏమిట్రా?"

"అమ్మా!"

"తెలీక అడుగుతున్నాను. గీట కూడా మా అమ్మ నేర్పిందేమో, మర్చిపోయానేమో."

మూలన పత్రిక చదువుతున్న నెహెమ్యా మీసాల్లో నవ్వుకున్నాడు. ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడంలో ఆయన్ని మించినవాడు ఆ ఊళ్ళో లేడు.

సోమవారం మధ్యాహ్నం వాకిట్లో కంసాలి కుంపటి రాజేశాడు. పెళ్ళికొడుకు ఎల్హానాన్, అతని తల్లి, మేనమామ వచ్చారు. రబ్బీ తెల్లగడ్డం మనిషి, మెత్తగా మాట్లాడతాడు. అప్పం ఒకటి తిని ఇంకోటి అడిగాడు. "ఇందులో ఏం వేశారమ్మా, ఇంత కమ్మగా ఉంది?" అన్నాడు. కసురుకునే మనిషైతే ఎదురు చెప్పడం తేలికయ్యేది అనుకుంది సిప్పోరా. కొంగు సర్దుకుని ఆయన ఎదుటికి వెళ్ళింది. ఆమె చంకలో పాటల పుస్తకం చూసి గమ్లియేల్ మొహం పాలిపోయింది.

"అయ్యా, బంగారం కరిగేటప్పుడు మా ఆడవాళ్ళం పాడతాం. మా అమ్మ పాడింది, వాళ్ళమ్మ పాడింది. నేను చాలా ఏళ్ళు మానేశాను. ఇవాళ పాడతాను. ముందుగా మీకు చెప్పడం మర్యాద కదా అని చెబుతున్నాను."

రబ్బీ గడ్డం నిమురుకున్నాడు. "మీ వాకిట్లో మిమ్మల్ని వద్దనడానికి నేనెవర్నమ్మా? కాకపోతే వినకూడదని నేర్చుకున్నవాణ్ణి. నన్ను లేవనివ్వండి."

"పక్కింటి నిమ్మచెట్ల కింద కుర్చీలు వేయించాను. టీ అక్కడికే పంపిస్తాను."

"పంచదార రెండు చెంచాలు," అన్నాడాయన లేస్తూ.

ఆయన లేవగానే ఎల్హానాన్ ఒకసారి ఓరిట్ వైపు చూసి, తలొంచుకుని మేనమామ వెనకే నడిచాడు. గమ్లియేల్ నడిచాడు. నెహెమ్యా తమ్ముళ్ళిద్దరూ నడిచారు. కుర్చీల చప్పుడు ఒకదాని తర్వాత ఒకటి వింటూ సిప్పోరా పుస్తకంలోకే చూస్తూ నిలబడింది. తలెత్తితే ఏం కనబడుతుందో ఆమెకి తెలుసు.

"నాన్నా, రండి," అన్నాడు గమ్లియేల్ వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి. "అతిథి అక్కడుంటే ఇంటి పెద్ద ఇక్కడ కూర్చుంటే ఏం బాగుంటుంది?"

"మోకాళ్ళు," అన్నాడు నెహెమ్యా.

"ఏమయ్యాయి?"

"నొప్పి. లేవలేను. నువ్వెళ్ళు, ఆయనకి నా బదులు చెప్పు."

ఆ పొద్దున ప్రార్థనకి సమాజమందిరం దాకా ఎగుడు దారంతా నడిచి వెళ్ళి, వస్తూ వస్తూ రెండు పుచ్చకాయలు మోసుకొచ్చిన మనిషి! సిప్పోరా తలెత్తి చూసింది. ఆయన కుంపటి వంక చూస్తున్నాడు.

ఆమె ఎత్తుకుంది. మొదటి చరణంలో గొంతు చీలింది, శ్వాస అందలేదు. రూమా వచ్చి కలిసింది. సిప్పోరా చిన్ననాటి నేస్తం రూమా, నోటి దురుసు మనిషి. మరో ఇద్దరు ముసలమ్మలకి అక్కడక్కడ ముక్కలు గుర్తున్నాయి. మిగతా ఆడవాళ్ళకి, అందులో పెళ్ళికూతురికి కూడా, ఒక్క మాట అర్థం కాదు. మూడో చరణం దగ్గర పుస్తకంలో చెద తిన్న చోటు వచ్చింది. సిప్పోరా ఆగిపోయింది. కంసాలి ఊదుగొట్టం కూడా దించేశాడు.

"మల్లెపందిరి నీడన మరదళ్ళు..." అని నెహెమ్యా మెల్లగా అందించాడు.

"అది అయిదో చరణం!" అని రూమా అరిచింది. "డెబ్బై తొమ్మిదేళ్ళు వచ్చినా నీకు మల్లెలూ మరదళ్ళే గుర్తున్నాయా, బావా?"

వాకిలంతా గొల్లుమంది. ఆ నవ్వులో ఎక్కణ్ణుంచి వచ్చిందో గాని అసలు మాట సిప్పోరా నోటికి వచ్చేసింది. ఈసారి గొంతు నిలిచింది. ఎర్రగా కరిగిన బంగారం మూసలోకి దిగేదాకా పాడింది, తర్వాత కూడా రెండు చరణాలు ఆపలేదు.

అందరూ వెళ్ళాక, పొద్దు వాలుతుండగా, ఆమె నూనె గిన్నె తెచ్చి మొగుడి ఎదుట పీట వేసుకుంది.

"మోకాళ్ళు చాపండి, రాస్తాను."

ఆయన చాపాడు. ఒక మోకాలికి నూనె పట్టేదాకా ఆమె చేతినే చూశాడు. తర్వాత, "ఆ రోజు కూడా నొప్పి పుట్టి ఉండాల్సింది," అన్నాడు.

"అప్పుడు మీకు నలభై. నొప్పంటే ఎవరు నమ్ముతారు?" అంది సిప్పోరా. పరవాలేదు అనలేదు. నూనె మాత్రం రెండు మోకాళ్ళకీ పూర్తిగా రాసింది.

పెళ్ళి బాగానే జరిగింది. రబ్బీ దీవెనలు చదివాడు, సోమవారం సంగతి ఎత్తలేదు. పెళ్ళికొడుకు తల్లి మాత్రం కొన్నాళ్ళు ముభావంగా ఉండి, తర్వాత అప్పాలు ఎలా చెయ్యాలో అడగడానికి ఫోన్ చేసింది. సమాజమందిరంలో ఆడవాళ్ళు ఆ ఏడు పండుగకీ పాడలేదు. అక్కడ పాడతామని సిప్పోరా అడగనూ లేదు. రూమా అడుగుదామంది. ఆ మాట ఇంకా తేలలేదు.

ఓరిట్ మంగళవారాలు వచ్చి పాటలు రాసుకుంటోంది. మలయాళం చదవడం రాదు కాబట్టి హీబ్రూ అక్షరాల్లో రాస్తుంది. కొన్ని శబ్దాలకి ఆ అక్షరాలు చాలవు. నాలుక మడిచి పలికే ఒక శబ్దం దగ్గర పిల్ల ప్రతిసారీ తప్పుతుంది.

"ఇది ఎలా రాయను నాయనమ్మా?"

"రాయడం తర్వాత. ముందు పలుకు. నోరు తెరిచి, గట్టిగా."