కమిటీ కారు

మహిళా డిగ్రీ కాలేజీల హాకీ టోర్నమెంటు ఏ ఊళ్ళో జరగాలో తేల్చేది కమిటీ కాదు, కమిటీ కన్వీనర్ వందన మేడం మోకాళ్ళు అని కాలేజీల్లో ఆటలు నేర్పే మేడంలు చాటుగా నవ్వుకుంటారు. ఆవిడ ఎక్కడ తక్కువ నడవాల్సి వస్తే టోర్నమెంటు అక్కడికే పోతుంది. ఏడేళ్ళుగా అది కరీంనగర్ పొలిమేర దాటలేదు. ఆవిడ ఇల్లు కూడా కరీంనగర్‌లోనే అన్న సంగతి ఎవరూ పైకి అనరు.

అలాంటిది ఈ ఏడు నవీన దరఖాస్తు పెట్టింది. ఉట్నూరు దాటి అడవిలోకి ఇంకో గంట ప్రయాణం చేస్తే వచ్చే జామడిగూడ మహిళా కాలేజీలో ఆమె గెస్ట్ పీడీ. అంటే ఆటల మేడమే, కానీ ఏటా జూన్‌లో ప్రిన్సిపాల్ దయ తలిస్తేనే మళ్ళీ ఉద్యోగం. ఆరేళ్ళుగా అలాగే నెట్టుకొస్తోంది.

ఆమె జట్టు ఒక్కసారి కూడా టోర్నమెంటు ఆడలేదు. అర్హత మ్యాచులన్నీ కరీంనగర్‌లోనే. గూడేల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లలను అంత దూరం పంపడానికి ఇళ్ళల్లో ఒప్పుకోరు, ఒప్పుకున్నా కాలేజీ పంపదు. అయితే రూల్సులో ఒక మంచి మాట ఉంది. టోర్నమెంటు ఎక్కడ జరిగితే ఆ కాలేజీ జట్టు అర్హత మ్యాచులు లేకుండా నేరుగా ఆడొచ్చు. చూడ్డానికి సెలెక్టర్లు వస్తారు, యూనివర్సిటీ జట్టుకు ఎంచుకుంటారు. ఆ జట్టులో ఆడినట్టు కాగితం చేతిలో ఉంటే ఫారెస్టు ఉద్యోగాల్లో ఆటల కోటా కింద నిలబడొచ్చు. ఇదంతా నవీన ఎవరి కోసం లెక్క వేసిందంటే సక్కుబాయి కోసం. పొట్టి పిల్ల, మాట తక్కువ. విరిగిన స్టిక్కుకు సైకిల్ ట్యూబు చుట్టుకుని ఆడుతుంది. బంతి దాని దగ్గరికి పోయిందంటే ఇక మిగతా పదిమందీ నిలబడి చూడటమే. మూడో సంవత్సరం చదువుతోంది. ఈ ఏడు దాటితే పత్తి చేనే దానికి మైదానం.

గ్రౌండు అసలు గ్రౌండే కాదు, నల్లరేగడి. చినుకు పడితే చెప్పు ఊడొచ్చేది. జూన్ నుంచి పిల్లలే దాన్ని గ్రౌండు చేశారు. రాళ్ళు ఏరారు, మొరం పోశారు, దాని మీద పుట్టమన్ను జల్లెడ పట్టి చల్లారు. సిమెంటు నింపిన డ్రమ్ముకు ఇనుప కడ్డీ దూర్చి ఎనిమిదేసి మంది లాగారు. దీపావళికి ఊళ్ళల్లో గోండుల దండారి ఆటలు మొదలై డప్పులు వినబడుతున్నా ఒక్కతీ ఇంటికి పోలేదు. పండుగ వదులుకుని మన్ను తొక్కే పిల్లలతో పాటు నవీన కూడా కడ్డీకి చెయ్యి వేసేది. టోర్నమెంటు ఇక్కడికి రావాలి, సక్కుబాయిని నలుగురూ చూడాలి. అప్పట్లో ఆమెకు ఇంకో కోరిక లేదు.

గ్రౌండు చూడటానికి కమిటీ వస్తుందన్న రోజుకు ముందు రాత్రి వాన పడింది. పైన మొరం గట్టిగానే ఉంది. నడిస్తే ఏమీ కాదు. కింద రేగడి మాత్రం ముద్దయి ఉంటుందని నవీనకు తెలుసు. అందుకే గ్రౌండు దారికి అడ్డంగా తాడు కట్టించి సక్కుబాయిని కాపలా పెట్టింది. "మనిషి పోవచ్చు, బండి పోవద్దు. ఎవ్వరొచ్చినా సరే" అని గట్టిగా చెప్పింది.

పదకొండు గంటలకు తెల్ల కారు వచ్చింది. ప్రిన్సిపాల్ రాజం సార్ శాలువాలు పట్టుకుని గ్రౌండు అవతలి ఒడ్డున, టెంటు కింద నిలబడి ఉన్నాడు. గ్రౌండు పక్క నుంచి కాలిబాటలో నడిస్తే మూడు నిమిషాలు. కారు తాడు దాకా వచ్చి హారన్ కొట్టింది. సక్కుబాయి బానెట్ ముందుకు వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది.

"బండి గీడనే ఆపున్రి. గ్రౌండ్ తడిగుంది."

వెనక అద్దం నాలుగు వేళ్ళంత దిగింది. లోపల వందన మేడం. "ఏంది పిల్లా, లోపలికి పోనియ్యవా?"

"నడిచి పోవచ్చు మేడం. గా పక్కపొంటి బాట ఉంది."

"నన్ను నడువుమంటుంది సూడు" అని వందన మేడం నవ్వింది. ఆ నవ్వు విన్నవాళ్ళెవరూ నవ్వలేదు. అవతల నుంచి రాజం సార్ శాలువా ఊపుతూ కేకలు. "నవీనా! తాడు తియ్యి! తియ్యుమంటున్నగా!"

నవీన పరుగెత్తుకొచ్చింది. రెండు ముక్కలు చెబితే సరిపోయేది. మేడం, రాత్రి వాన పడ్డది, జర దిగి నడవండి అంటే ఆవిడ తినేసేది కాదు. కానీ ఆ రెండు ముక్కలు నోట్లోంచి రాలేదు. జూన్ గుర్తొచ్చింది, రాజం సార్ మొహం గుర్తొచ్చింది. తాడు ముడి తన చేత్తోనే విప్పింది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. కారులోకి వినబడేలా సక్కుబాయిని తిట్టింది.

"పెద్దోళ్ళు వస్తుంటే అడ్డం నిలబడ్తవా? బుద్ధి లేదా నీకు?"

పిల్ల పక్కకు జరిగింది. కారు గ్రౌండు నడిమధ్య నుంచి దర్జాగా పోయింది. గోలు ముందు కొట్టే చోట, సున్నం గీసిన డీ దగ్గరికి వచ్చేసరికి చక్రాలు దిగబడ్డాయి. డ్రైవర్ ఎక్సలేటర్ తొక్కాడు, మొరం చీలి కింది నల్లమన్ను పైకి లేచింది. ఎలాగో టెంటు దాకా చేర్చాడు. వెనక్కి చూస్తే గ్రౌండు ఈ చివర నుంచి ఆ చివరకు జానెడు లోతున రెండు గాడులు. అయిదు నెలల పని అరనిమిషంలో అయిపోయింది. పిల్లల్లో ఎవరో ఏడ్చారు. నవీన అటు తిరగలేదు.

శాలువాలు అయ్యాయి. నాటుకోడి కూరా జొన్నరొట్టే అయ్యాయి. హాస్టల్ బాత్రూముల్లో నీళ్ళు బాగా వస్తున్నాయని రాసుకున్నారు. కమిటీలో రెండో మనిషి మోయిజ్ సార్, ఒకప్పుడు మంచి ఆటగాడు. ఆయన ఒక్కడే బూట్లు విప్పి గ్రౌండంతా ఉత్త కాళ్ళతో తిరిగాడు, బంతిని దొర్లించి చూశాడు.

"ఎవలు చేసిండ్రు గీ గ్రౌండ్?"

"పిల్లలే సార్" అంది నవీన.

"మాషా అల్లా" అన్నాడాయన. మనసారా అన్నాడు.

తరువాత పిల్లలతో పావుగంట ఆట ఆడించారు. సక్కుబాయి మూడు గోల్స్ కొట్టింది. మూడో గోలుకు మోయిజ్ సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నవీనకు ప్రాణం లేచి వచ్చింది, గాడులున్నా గట్టెక్కుతామనుకుంది. ఆ మరుక్షణమే నేల మీద పోతున్న బంతి గాడి అంచుకు తగిలి ఎగిరి నవ్యశ్రీ అనే పిల్ల కనుబొమ్మ చీల్చింది. రక్తం చెంప మీదికి కారింది.

వందన మేడం కుర్చీ కదలకుండా పెన్ను తీసింది. "సూసిన్రా? రేపు ఎవలన్న కరీంనగర్ పిల్ల కన్ను పోతే నేను జవాబ్ చెప్పాల్నా?"

"మేడం, గది మన బండి గాడే" అన్నాడు మోయిజ్ సార్ మెల్లగా.

"ఎవల బండైతేంది సార్? గాడి గాడే గద. నేను ఉన్నదే రాస్త."

ఆయన వంగి బూట్లు తొడుక్కున్నాడు. ఆయన తిరిగి కరీంనగర్ పోవాల్సింది కూడా ఆ కారులోనే.

పోయేటప్పుడు ఆ కారు మళ్ళీ అదే డీలో దిగబడింది. ఈసారి ఇరుసు దాకా. వందన మేడం దిగలేదు, బురద అని. పద్నాలుగు మంది పిల్లలు వెనక చేరి నెట్టారు. కనుబొమ్మకు గుడ్డ కట్టుకున్న నవ్యశ్రీ కూడా వచ్చి ఒక చెయ్యి వేసింది. చక్రాలు గిర్రున తిరిగి పిల్లల మొహాల నిండా బురద కొట్టాయి. కారు లోపల నుంచి వందన మేడం "మంచి బలమున్నదే మీ పిల్లలకు" అంది. నవీన పక్కన నిలబడి, "ఇంకా గట్టిగ, ఇంకా గట్టిగ నూకున్రి" అని అరిచింది. ఆ గొంతు తనదేనా అని ఆమెకే అసహ్యం వేసింది. అయినా అరిచింది.

మోయిజ్ సార్ మాత్రం దిగి ఒక పక్క పట్టాడు. కారు బయటపడ్డాక చేతులు దులుపుకుంటూ సక్కుబాయి దగ్గరికి వచ్చాడు. "బేటా, టోర్నమెంట్ యాడైనా కానీ, యూనివర్సిటీ టీముకు ట్రయల్స్ కరీంనగర్‌ల వచ్చే నెల రెండో శనివారం పెడ్తరు. ఏ కాలేజీ పిల్లైనా రావచ్చు. మంచి నడవడి అని ప్రిన్సిపాల్ లెటర్ ఒక్కటి తెచ్చుకో. నేనుంట ఆడ. ఫికర్ చెయ్యకు." సక్కుబాయి బురద మొహంతోనే నవ్వింది. కరీంనగర్ పంపమని తండ్రిని తానే అడిగి ఒప్పించుకుంది కూడా, వారం తిరగకుండానే.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. టోర్నమెంటు కరీంనగర్‌కే. జామడిగూడ గురించి నాలుగే వాక్యాలు. మైదానంలో లోతైన వాహనాల గాడులున్నవి. ఒక క్రీడాకారిణి గాయపడినది. మైదానంపై కాలేజీకి శ్రద్ధ లేదు. వాహనాలను ఎవరు అనుమతించారో సంజాయిషీ పంపవలెను.

రాజం సార్ ఆ కాగితం నవీన ముందుకు నెట్టాడు. "రాయి."

"ఏమని రాయాలె సార్? మీరే గద తియ్యుమన్నరు."

"నేనా? నేను అవతల ఒడ్డుకుంటి. తాడు నీ చెయ్యి తీసింది." ఆయనకు కోపమేమీ లేదు, టీ తాగుతున్నాడు. "జూన్‌ల నీ రెన్యువల్ ఫైలు గీ టేబుల్ మీదికే రావాలె నవీనా. పిల్లలు తీసిండ్రని రాయి. వాళ్ళకేమన్న నౌకరీ పోతదా? తాడు కాడ ఎవలుండె?"

"సక్కుబాయి."

"మరింకేంది. పిల్ల ఒప్పుకున్నట్టు సంతకం తీస్కో."

"ఆ పిల్లకు శనివారం ట్రయల్స్ ఉన్నయి సార్. మీ లెటర్ కావాలె."

"తప్పు చేసినని రాసిచ్చిన పిల్లకు మంచి నడవడని నేనెట్ల రాస్త? రెండిట్ల సంతకం నాదే గద" అని కప్పు కింద పెట్టాడు.

నవీన స్టాఫ్ రూములో కూర్చుని రాసింది. ఎక్కడా కొట్టివేతలు లేకుండా గుండ్రంగా రాసింది. మూడో సంవత్సరం విద్యార్థిని సక్కుబాయి అనుమతి లేకుండా తాడు తొలగించి వాహనాన్ని మైదానంలోకి పంపినది. ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయింది, నిజమే. కానీ ఆ సిగ్గు చేతి దాకా రాలేదు.

గురువారం మధ్యాహ్నం పిల్లను పిలిపించింది. సక్కుబాయి కాగితం తీసుకుని నిలబడి మొత్తం చదివింది.

"నేను అడ్డం నిలబడ్డ మేడం. తాడు మీరు తీసిండ్రు."

"తెలుసు."

"మరి గిట్ల రాసిన్రేంది?"

"ఉత్త కాగితం సక్కూ. యూనివర్సిటీల ఎవలు సూడరు. నువ్వు సంతకం పెట్టకుంటే నా నౌకరీ పోతది. నేను పోతే గీ పిల్లలకు హాకీ ఎవలు నేర్పుతరు, చెప్పు?"

సక్కుబాయి ఆలోచించింది. కిటికీలోంచి గ్రౌండు వైపు చూసింది. "ట్రయల్స్ లెటర్‌కు అడ్డం రాదు గద మేడం?"

"రాదు" అంది నవీన. వెంటనే అంది, తడుముకోకుండా. ఆ వేగం చూసి తనకే భయం వేసింది.

పిల్ల వంగి సంతకం పెట్టింది. పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం విడివిడిగా. నవీన కాగితం తీసుకుని సిరా ఆరేదాకా ఊదింది.

"లెటర్ రేపిస్తరా మేడం? శనివారం పొద్దుగాల ఆరింటి బస్సుకు పోతె అందుతది."

"సార్ ఊళ్ళె లేడు. సోమవారం రా."

పక్క గదిలో రాజం సార్ దగ్గాడు. తరువాత అటెండరును పిలిచి ఇంకో టీ తెమ్మన్నాడు. గోడ పలచనిది, ప్రతి మాటా వినబడింది. నవీన తల ఎత్తలేదు, కాగితాన్ని ఫైల్లో పెట్టి దారం ముడి వేస్తూ కూర్చుంది. సక్కుబాయి కాసేపు ఆ గోడ వైపు, కాసేపు మేడం వైపు చూసింది. పెన్నుకు మూత పెట్టి బల్ల మీద ఉంచింది.

"సరే మేడం, సోమవారం వస్త" అని చెప్పి వెళ్ళిపోయింది.